గోత్రం తెలియని సంబంధం

ఆ ఆదివారం పొద్దున నరహరి వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, మేనమామ రాజమౌళి ఇంటికి పోవాలి, ఒక్క సలహా అడగాలి, గప్‌చుప్‌గా తిరిగి రావాలి. ఇంత చిన్న పథకం పొద్దుగుంకేలోపు గల్లీ మొత్తానికి పండగైందంటే, పాపం, నరహరి చెడ్డవాడై కాదు. ఎవరైనా గట్టిగా ఒక మాటంటే కాదనలేని మనిషి, అంతే.

నరహరి సాంచల మేస్త్రీ. తండ్రి కరీంనగర్ నుంచి వచ్చి ఆ సాంచల మీదే, అంటే మరమగ్గాల మీదే బతికాడు గాని, నరహరి పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. పక్కనే ఉన్న జోల్వాలో ఆయన పనిచేసే కార్ఖానా సేటు దీపావళి తర్వాత పాత సాంచలన్నీ తుక్కు కింద అమ్మేస్తున్నాడు. కొత్త మిషన్లు వస్తాయి, వాటికి ఇంతమంది మనుషులు అక్కర్లేదు. ఆ కబురు విన్నప్పటి నుంచి, భార్యనూ చిన్న కూతురినీ ఎలా సాకాలన్న బెంగతో నరహరికి అన్నం సయించడం లేదు. సరిగ్గా అప్పుడే మిషన్ల కంపెనీ మనిషి ఓంప్రకాష్ దేవుడల్లే ఫోన్ చేశాడు. ఉజ్బెకిస్తాన్, మారిషస్, కెన్యా, ఈ మూడు దేశాల మిల్లుల్లో సాంచలు బిగించి నడిపించే మేస్త్రీలు కావాలట. ఎక్కడికి పోతావో నువ్వే తేల్చుకో, ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తా, అప్పుడు చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తా అన్నాడు.

ఎంచుకునే యోగం నరహరి వంశంలో ఎవరికీ పట్టలేదు. అందుకే ఆయనకు చేతకాలేదు. పోనీ నలుగురినీ అడుగుదామంటే భార్య నవత ఒట్టు పెట్టించుకుంది.

"వీసా చేతిల పడేదాక ఎవ్వలికి చెప్పద్దు. నరుని కంటికి నల్లరాళ్ళు పగుల్తయంటరు. దశరథం అన్న సంగతి యాదికి లేదా?"

యాదికి లేకేం! అదే గల్లీలో ఉండే దశరథం, దుబాయికి పోతున్నానని ముందే మిఠాయిలు పంచాడు. వీసా రాలేదు. మనిషి సూరత్ పొలిమేర దాటలేదు గాని పేరు మాత్రం 'దుబాయి దశరథం' అని స్థిరపడిపోయింది. పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా అలాగే పిలుస్తాడు.

రాజమౌళి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గల్లీలో ఎవరు బండి కొనాలన్నా, బారసాల చేయాలన్నా ఆయన తీర్పు కావాలి. అడగకపోయినా ఇస్తాడు.

"మామా, ఒక్క మాట. మూడొచ్చినయి. ఒక్కటి ఖాయం చెయ్యాలె. సాయంత్రం ఆరింటికి ఫోన్ల చెప్పాలె. ఎటూ తేలుతలేదు" అన్నాడు నరహరి, దేశం అనే మాట నోట్లోంచి జారకుండా జాగ్రత్తపడుతూ.

రాజమౌళి కళ్ళు మెరిశాయి. "మూడు సంబంధాలా! మన రుచితకా? ఓరి నీ, గిదా సంగతి! మేనమామకు గిప్పుడా చెప్పేది?"

రుచిత నరహరి చెల్లెలు. పాండేసరలో రంగుల మిల్లు ల్యాబులో ఉద్యోగం, ఆదివారం కూడా డ్యూటీ. నరహరి కాదనాల్సింది. కాదంటే మరి దేనికి మూడు అని అడుగుతాడు మామ. నవత పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. తల అడ్డంగా ఊపబోయి నిలువుగా ఊపాడు.

"మొదటోడు ఎట్లున్నడు?"

నరహరి మనసులో ఉజ్బెకిస్తాన్ తలుచుకున్నాడు. "జీతం అందరికన్న ఎక్కువ మామా. కాని జర చల్లగుంటది."

"చల్లగుంటె మంచిదే గదరా, కోపం లేనోడన్నట్టు."

"గంత చల్లగ కాదు. ఎముకలు కొరికేటట్టు. పైంగ మాట ఒక్కటి సుత మనకు సమజ్ గాదు."

"నత్తినా? వద్దు. రెండోడు?"

"సముద్రం పక్కపొంటి. మనోళ్ళే, తాతల నాడు పోయి అక్కడ పాతుకపోయిండ్రు. ఉగాది సుత చేస్తరట."

"చేస్తరట ఏందిరా? ఉగాది చెయ్యనోళ్ళు సుత ఉంటరా? సరే, చేపల యాపారమనుకుంట. మూడోడు?"

"అక్కడ ఎండా లేదు, చలీ లేదు. చుట్టుపక్కల గుజరాతీలు మస్తుగున్నరు. కాకపోతే ఊరవతల..." నరహరి గొంతు తగ్గించాడు. "సింహాలుంటయట."

రాజమౌళి గడ్డం గోక్కున్నాడు. "జూ పార్కుల నౌకరన్నట్టు. సర్కారుదే అనుకుంట. అన్నీ సరే. గోత్రాలేంది?"

"కనుక్కుంట మామా" అని నరహరి అక్కడి నుంచి పారిపోయాడు.

గల్లీలో కబురు ఎలా పాకుతుందో వేరే చెప్పాలా! రాజమౌళి భార్య అయిలమ్మకు చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని. అయిలమ్మ కూడా అదే షరతు మీద అందరికీ చెప్పింది. మధ్యాహ్నం నల్లా వచ్చే వేళకు రుచితకు ముగ్గురు వరులు ఖాయమయ్యారు: ఒకడు నత్తివాడు, ఒకడు చేపలవాడు, ఒకడు సింహాలకు మాంసం వేసేవాడు. ఆఖర్న ఆ కబురు బిందె పట్టుకుని నిలబడ్డ పోశమ్మ చెవిన పడింది. పోశమ్మ ఎవరో కాదు, నరహరికీ రుచితకూ కన్నతల్లి.

బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చింది. "ఏమిరా కొడుకా, తల్లిని నేనింక చావలే. నాకొక్క మాట చెప్పకుండ బంగారమసొంటి పిల్లను జూపార్కోనికిస్తవా?"

"అమ్మా, గట్ల కాదే..."

"ఎట్ల కాదు? సింహాలున్నయా, లెవ్వా? గది చెప్పు!"

నరహరి అబద్ధం ఆడలేకపోయాడు. "ఉన్నయే" అన్నాడు. పోశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మూలకు కూర్చుంది.

నవత మొగుణ్ణి వంటింట్లోకి లాక్కుపోయింది. "నోట్లె నువ్వుగింజ నానబెట్టుమంటే, చెల్లె పెండ్లి నానబెట్టుకొస్తివా? ఇగ ఆరు దాక అట్లనే ఉండు. గిప్పుడు నిజం చెప్తే గల్లంత కలిసి మన వీసాకు దిష్టి పెడ్తరు. ఫోన్ అయినంక నేను చూసుకుంట." ఆమె మొహంలో కోపం కన్నా భయమే ఎక్కువుంది. అది చూసి నరహరి మళ్ళీ నిలువుగా తల ఊపాడు.

అటు రాజమౌళి ఊరుకుంటాడా? మేనమామ హక్కు మేనమామది. ఫోన్లో సంబంధం ఖాయమైతే ఉత్త చేతులతో ఉంటామా అని కొబ్బరికాయలు తెప్పించాడు. లడ్డూలు తెమ్మని దుబాయి దశరథం తమ్ముడు శివకృష్ణను పంపాడు. శివకృష్ణ రుచిత పనిచేసే మిల్లులోనే ఎలక్ట్రీషియన్. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగే ఆ మనిషి, లడ్డూ డబ్బాలు మోసుకొస్తుంటే కాటికి కట్టెలు మోస్తున్నట్టుంది. "ఏమైందిరా?" అని నరహరి అడిగితే, "ఏం లే అన్నా, ఎండ" అన్నాడు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

అయిలమ్మ నరహరిని పక్కకు పిలిచింది. "అల్లుడా, ఒక మాట చెప్త విను. జీతం చూడకు, సముద్రం చూడకు. నేను కొత్తగ పెండ్లయి ఈ సూరత్‌కు వచ్చిన్నాడు ఇంట్ల ఉప్పు నిండుకుంది. పక్కింటామెను అడుగుదమంటె నాకామె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. మీ మామ డ్యూటీ నుంచి వచ్చేదాక చప్పటి పప్పు ముందల పెట్టుకోని ఏడ్చిన. పిల్ల నోరు తెరిచి ఉప్పు అడిగేటట్టు ఉన్న ఇల్లు చూడు. మిగిలినయన్ని అవే సర్దుకుంటయి."

నరహరి "సరే అత్తా" అన్నాడు. అప్పటికి ఆయన తలలో ఏ మాటా దిగే స్థితిలో లేదు.

ఆరు కొట్టే వేళకు ఇంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. రాజమౌళి తెల్ల ధోతి కట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. నరహరి ఫోన్‌ను పళ్ళెంలో పసుపు కుంకుమల పక్కన పెట్టారు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన రుచిత గుమ్మంలో చెప్పులు విడుస్తూ "ఎవల పెండ్లి?" అని అడిగింది. అందరూ ముసిముసిగా నవ్వారు గాని ఎవరూ చెప్పలేదు. అప్పుడే ఫోన్ మోగింది. నరహరి చేయి చాచేలోపు రాజమౌళి అందుకుని అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాడు.

"హా, నరహరి భాయ్! బోలో, తీనోం మే కౌన్ సా పసంద్ ఆయా?" అని, మూడింట్లో ఏది నచ్చిందో అడిగాడు అవతల ఓంప్రకాష్.

"హమ్ మామా బోల్ రే. పైలే గోత్ర్ బోలో!" అన్నాడు రాజమౌళి, ముందు గోత్రం సంగతి తేలాలన్నట్టు.

ఓంప్రకాష్ తడబడ్డాడు. మామ అంటున్నాడు కాబట్టి కుటుంబం గురించి బెంగ పడుతున్నాడనుకున్నాడు. "అరే మామాజీ, టెన్షన్ మత్ లో! బీవీ ఔర్ బచ్చీ భీ సాథ్ మే రహేంగే."

ఇల్లంతా ఉలిక్కిపడింది. పెళ్ళామూ కూతురూ కూడా వెంటే ఉంటారట!

రాజమౌళి మొహం ఎర్రబడింది. ముగ్గురిలో ఎవడికుందో తేల్చమన్నాడు. "క్యా? కిస్‌కో హై బీవీ బచ్చీ? తీనోం మే కిస్‌కో?"

"తీనోం మే, మామాజీ! తీనోం మే సేమ్ సువిధా!" అన్నాడు ఓంప్రకాష్ ఉత్సాహంగా, మూడు దేశాల్లోనూ అదే సదుపాయమన్న అర్థంలో.

"ముగ్గురికీ ఉన్నరట!" అని పోశమ్మ గొల్లుమంది. "సింహాలోనికి సుత పెండ్లామున్నదటనే!" అయిలమ్మ పళ్ళెం వెనక్కి లాగేసుకుంది. రాజమౌళి పోలీసులను పిలవమన్నాడు. ఆ గందరగోళంలో మొహం వెలిగిపోయింది ఒక్క శివకృష్ణదే.

ఇంక నరహరి వల్ల కాలేదు. కాదనడం చేతకాని ఆ మనిషి జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచాడు. "ఆపుండ్రి! పెండ్లి లేదు, పెటాకులు లేవు! అవి పిలగాండ్లు కాదు, దేశాలు!"

అంతా చెప్పేశాడు. కార్ఖానా సంగతి, పస్తుల భయం, ఒట్టు సంగతి, అన్నీ. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజమౌళి మెల్లిగా ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. అవతల ఓంప్రకాష్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "భాయ్, దేశ్ బోలో. రెండు నిమిషాల్లో ఇంకొకరికి చేస్తా" అంటున్నాడు హిందీలో.

"మారిషస్ అనురా! మనోళ్ళున్నరు" అన్నాడు రాజమౌళి. "జీతం ఎక్కువున్న తాన్కి పో" అన్నాడు దుబాయి దశరథం, అనుభవం ఉన్నవాడిలా.

నరహరికి అయిలమ్మ చప్పటి పప్పు గుర్తొచ్చింది. భార్య వైపు తిరిగాడు. "నవతా, నేను డ్యూటీల ఉన్న. ఇంట్ల ఉప్పు నిండుకుంది. పక్కింటామెను ఎట్ల అడుగుతవ్?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నవత. పుట్టినప్పటి నుంచి సూరత్‌లో అడిగినట్టే గుజరాతీలో అడిగింది. "బెన్, థోడుం మీఠుం ఆపోనే!"

"కెన్యా, ఓంప్రకాష్ భాయ్. కెన్యా పక్కా" అన్నాడు నరహరి.

"తెలుగోనివి, గుజరాతీల కోసం ఆఫ్రికా పోతవా?" రాజమౌళి నోరు తెరిచాడు.

మూల నుంచి పోశమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. "నువ్వూకో తమ్మీ. వీళ్ళ నాయిన సూరత్ ఎందుకొచ్చిండో ఎరుకేనా? చేతిల భీవండి టికెట్ ఉన్నది. రైల్ల పక్కన కూసున్న లస్మయ్య మామిడికాయ తొక్కు డబ్బ తెరిచిండు. ఆ తొక్కు వెంబడి ఇక్కడ దిగిండు. మనకు ముందల ఒక్కడు, వానితోని ఒక్క మాట, ఇంత తొక్కు. ఏ దేశమైనా గంతే గదరా." కొడుకు తల నిమిరింది. "నువ్వు నడువు బిడ్డా. సింహాలను చూడనీకి నేనూ వస్త."

మిగిలింది ఒక్కటే చిక్కు. కొట్టాల్సిన కొబ్బరికాయలు, అటక దాకా లడ్డూలు. "ఇవన్నీ వాపస్ చెయ్యాలె" అన్నాడు రాజమౌళి నీరసంగా.

"ఎందుకు మామా?" అంది గుమ్మంలో నిలబడ్డ రుచిత. "వచ్చినప్పటి సంది నన్నొక్క మాట అడుగుతరని చూస్తున్న. ఎవ్వలు అడగకపోతిరి. లడ్డూలు తెచ్చినోన్ని అడుగుండ్రి, వాపస్ చెయ్యాల్నా వద్దా అని."

అందరి తలలూ శివకృష్ణ వైపు తిరిగాయి. వాడు డబ్బా గుండెకు హత్తుకుని "పౌలస్త్య గోత్రం మామా!" అన్నాడు, ఎవరూ అడగకముందే.

రాజమౌళి ఒక్క క్షణం చూశాడు. అక్క పిల్లల గోత్రం కౌశిక. అడ్డేమీ లేదు. ధోతి సర్దుకుని, మొదటి కొబ్బరికాయ తానే కొట్టాడు.

రాత్రి నవత గల్లీ అందరి దిష్టీ కలిపి గుప్పెడు ఎండుమిరపకాయలతో తీసింది. పనిచేసినట్టే ఉంది, వీసాలు వచ్చాయి. విమానం కోసం రైలెక్కే రోజు స్టేషన్‌కు అందరూ వచ్చారు. దుబాయి దశరథం తొక్కు డబ్బా తెచ్చాడు. ఆ యేడు రెండు సంబంధాలు తన చేతుల మీదుగానే కుదిరాయని రాజమౌళి ఇప్పటికీ చెప్పుకుంటాడు; కెన్యా వాళ్ళ గోత్రం ఏమిటని అడిగితే మాత్రం చాయ్ తెమ్మని కేకేస్తాడు.