పక్కింటికి ఒక వాల్వు

శాలిబండలోని ఒక సందులో నల్లా నీళ్లు ఊదారంగులో వచ్చినందుకు బస్తీ సంక్షేమ సంఘం తీవ్ర విచారం ప్రకటించింది. కిందటి వారం సబ్బు నురగ వచ్చినప్పుడు ప్రకటించలేదు. నురగ చూడ్డానికి తెల్లగానే ఉంది కదా.

ఈసారి సంఘం అధ్యక్షుడు ప్రేమ్‌రాజ్ కూతురు మున్నీయే ఆ నీళ్లు తాగి, వాంతులతో ఆస్పత్రి పాలైంది. సెలైన్ ఎక్కుతున్న ఆ చిట్టి చెయ్యి చూసి ఆయన గుండె తరుక్కుపోయింది. మళ్లీ ఇలాంటి నీళ్లు తాగితే పిల్ల తట్టుకోలేదని డాక్టరు తేల్చేశాడు. మర్నాడే సభ.

"నీళ్లు బంద్ కాంగనే పైపు ఖాళీ అయితది," అని అధ్యక్షులవారు ఉపన్యసించారు. "గప్పుడు ఎవడన్న మోటరేస్తే, టబ్బుల మునిగిన మన పైపులకెళ్లి మురికి వెనుకకు గుంజుకపోతది. వాల్వు పెడితే ఇంట్లకొచ్చే నీళ్లకు తెరుసుకుంటది, వెనుకకు పోయే నీళ్లకు మూసుకుంటది. నా ఇంటి మురికి నీ గిలాసలకు రాదు."

చప్పట్లు మోగాయి. ఆ చివరి మాట మాత్రం జనాన్ని ఆలోచనలో పడేసింది. నేను పెట్టుకుంటే పక్కవాడికి మేలా? అయితే పక్కవాడే పెట్టుకోవాలి. ఇందులో కాదనడానికి ఏముంది చెప్పండి!

రంగుల కార్ఖానా అజ్మత్ అలీ లేచాడు. "మస్తు చెప్పినవ్ ప్రేమ్‌రాజ్ భాయ్. ముందుగాల గా దుర్గయ్య ఇంటికి పెట్టియ్యి. బర్రెల్ని కడుగుతడు."

"నా బర్రెలు ఊదారంగుల లెవ్వన్నా," అన్నాడు దుర్గయ్య.

మర్యాదలో మాత్రం ఆ సందుకు వంక పెట్టలేం. అజ్మత్ అలీ వాల్వు కొని, శాలువాతో సహా దుర్గయ్యకు బహూకరించాడు. దుర్గయ్య అంతకన్నా పెద్ద వాల్వు కొని, పూలదండ చుట్టి అజ్మత్ అలీ ఇంటికి పంపాడు. చూస్తుండగానే ప్రతి ఇల్లూ ఎదురింటికి ఒక వాల్వు దానం చేసింది. ప్రతి ఇంటి షోకేసులోనూ ఒక వాల్వు వెలసింది. పైపుకు బిగించినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నూరు శాతం పంపిణీ జరిగిందని సంఘం తీర్మానం చేసి, ఫొటో దిగింది.

మున్నీ ఇంటికొచ్చింది. "మనింట్ల ఎప్పుడు బిగిస్తవ్?" అని అడిగింది ప్రేమ్‌రాజ్ భార్య యశోద.

ఆయన నొచ్చుకున్నాడు. "ముందుగాల మనమే పెట్టుకుంటే, మురికి మనదే అనుకోరా? అధ్యక్షుని ఇజ్జత్ ఏం గావాలె?"

అప్పుడే నల్లా బందయింది. ఎవరో మోటారు వేశారు. వాకిట్లో, ఆస్పత్రి నుంచి తెచ్చిన మున్నీ వాంతి బట్టలు నానుతున్న టబ్బులో మునిగి ఉన్న పైపు గుటగుటమంటూ టబ్బును సగం తాగేసింది. ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరూ తల తిప్పలేదు.

మర్నాడు నీళ్లొచ్చాయి. రంగు లేదు. తేటగా ఉన్నాయి. ప్రేమ్‌రాజ్ తృప్తిగా మొదటి గ్లాసు పట్టి, స్వయంగా కూతురి నోటికి అందించాడు.

ఈ కథ మీ పక్కింటివారికి పంపించాలని మీకు ఈపాటికే తోచి ఉంటుంది. తప్పకుండా పంపండి. వారు కూడా మీకు పంపాలనే చూస్తున్నారు.