పన్నెండు దాటాకే సబ్మిట్

ఆ శుక్రవారం పొద్దున అద్వైత్ వేసుకున్న ప్లాన్‌లో అనుమానానికి చోటే లేదు. పదింటికల్లా కాపెల్‌లోని ఇంటి నుంచి యూనివర్సిటీకి డ్రైవ్ చేసుకుని వెళ్లాలి. పోయినవారం అసైన్‌మెంట్లు ముప్ఫై ఎనిమిది దిద్దాలి. ఒంటిగంటకి ఇర్వింగ్‌లో ఫ్రెండ్‌తో బిర్యానీ తినాలి. వంటింట్లో వాళ్లమ్మ మీనా ఒక చేత్తో పులిహోర కలుపుతూ రెండో చేత్తో ఫోన్‌లో ఏదో పంపుతోంది. ఆవిడ రోజూ పొద్దున్నే ఎవరికో ఏదో పంపుతూనే ఉంటుంది. ఎవరికి, ఏమిటి అని అద్వైత్ ఏనాడూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

"రేపు టెంపుల్‌కి రారా నాన్నా. స్టూడెంట్స్ చాలామంది వస్తారు, వడ్డించడానికి మనుషులు చాలట్లేదు."

"అమ్మా, నాకు గ్రేడింగ్ ఉంది."

"నాలుగేళ్లుగా నీకు ఏదో ఒకటి ఉంటూనే ఉంది."

అద్వైత్ పుట్టి పెరిగిందంతా టెక్సాస్‌లోనే. మాస్టర్స్ చదువుతూ, ప్రొఫెసర్ విట్‌కోమ్ చెప్పే డేటా కోర్సుకి పేపర్లు దిద్దే గ్రేడర్‌గా పనిచేస్తున్నాడు. ఆ ప్రొఫెసర్ దృష్టిలో లోకంలో విద్యార్థులు రెండే రకాలు: ఆలస్యంగా ఇచ్చేవాళ్లు, ఆలస్యంగా ఇచ్చి ఇంకా దొరకనివాళ్లు. సిలబస్ మూడో పేజీ నిండా ఆయన రూల్సే. గడువు దాటాక అయిదు నిమిషాలు దయ. ఆ దయలో ఇచ్చినవాటికి మార్కులు పోవు గానీ, పోర్టల్ వాటి పక్కన ఎర్రగా 'లేట్' అని రాస్తుంది. ఆ తర్వాత రోజుకి పది శాతం కోత. జబ్బయితే డాక్టర్ చీటీ తేవాలి.

ఆ వారం అసైన్‌మెంట్‌కి గడువు మధ్యాహ్నం పన్నెండు. పన్నెండూ అయిదుకి అద్వైత్ పోర్టల్ తెరిచాడు. ముప్ఫై నాలుగు పేర్లు నల్లగా ఉన్నాయి, నాలుగు ఎర్రగా ఉన్నాయి. సంహిత, 12:01. లోకేష్, 12:01. వినీత్, 12:02. అనుష్క, 12:02. నలుగురూ ఇండియా నుంచి వచ్చిన తెలుగు స్టూడెంట్లు. వెనక్కి వెళ్లి చూశాడు. పోయిన శుక్రవారం కూడా అదే నలుగురు, అవే నిమిషాలు. సోమవారం తొమ్మిదింటి గడువైతే 9:01, 9:02. జనవరి నుంచి ఒక్క వారం తప్పలేదు. మామూలుగా లేటయ్యేవాడు ఒకసారి రెండు నిమిషాలు లేటవుతాడు, ఒకసారి రెండు రోజులు లేటవుతాడు. ఇంత క్రమశిక్షణగా లేటయ్యేవాళ్లని అద్వైత్ ఎక్కడా చూడలేదు.

బిర్యానీ మానేసి టేబుల్ వేశాడు. అడ్డంగా వారాలు, నిలువుగా గంటలు, సోమవారం తొమ్మిది దాకా, శుక్రవారం పన్నెండు దాకా ఎర్రరంగు గళ్లు. దిద్దాల్సిన ముప్ఫై ఎనిమిదీ అలాగే ఉండిపోయాయి.

తర్వాతి శుక్రవారం పదకొండూ నలభైకి లైబ్రరీలో వాళ్లు ఒకే బల్ల దగ్గర దొరికారు. నాలుగు లాప్‌టాప్‌లూ తెరిచి ఉన్నాయి. నలుగురూ చేతులు కట్టుకుని గోడ గడియారం వైపు చూస్తున్నారు.

"వర్క్ అయిపోయిందా?" అన్నాడు అద్వైత్ మామూలుగా.

"పదకొండింటికే అయిపోయింది బ్రో," అన్నాడు లోకేష్.

"మరి ఎందుకు సబ్మిట్ చెయ్యలేదు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నలుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఒకసారి చెక్ చేస్కుంటున్నం," అంది సంహిత. అంతలో బల్లమీది ఆమె ఫోన్ వెలిగింది. 'టెంపుల్ ఆంటీ: పన్నెండు దాటాకే పంపండి. తొందరపడొద్దు.' సంహిత చటుక్కున ఫోన్ బోర్లా పెట్టింది.

అనుమానం పెనుభూతం అన్నారు. అద్వైత్ పార్కింగ్ లాట్‌కి చేరేసరికి ఆ భూతానికి కాళ్లూ చేతులూ వచ్చేశాయి. ఎవరో 'ఆంటీ' ఆన్సర్లు సప్లై చేస్తోంది. అవి చివరి నిమిషానికి అందుతాయి కాబట్టే వీళ్లు కాచుకుని కూర్చుంటున్నారు. టెంపుల్ అన్నది కోడ్. తల్లి నాలుగేళ్లుగా టెంపుల్‌కి రమ్మంటున్న సంగతి అతనికి గుర్తే రాలేదు. సాయంత్రంలోగా విట్‌కోమ్‌కి మూడు పేజీల రిపోర్టు వెళ్లింది. చివరి వాక్యం: 'ఆంటీ అనే వ్యక్తిని గుర్తించి యూనివర్సిటీ కఠిన చర్య తీసుకోవాలి.'

విట్‌కోమ్ మహదానందపడి, ఆలస్యానికి కారణం రాయమని నలుగురికీ ఈమెయిల్ కొట్టాడు. సోమవారానికి జవాబులు వచ్చాయి. వినీత్‌కి ఇంటర్‌నెట్ పోయిందట. అదే అపార్ట్‌మెంట్‌లో పై గదిలో ఉండే అనుష్కకి నెట్ ఉంది గానీ జ్వరమట. లోకేష్ కారు పంక్చర్ అయిందట. సంహిత మాత్రం 'వ్యక్తిగత కారణం' అని రెండే మాటలు రాసింది.

"ఆన్‌లైన్‌లో ఇచ్చేదానికీ కారు టైరుకీ సంబంధం ఏమిటి?" అన్నాడు విట్‌కోమ్.

"అదే సార్ నాకూ డౌట్," అన్నాడు అద్వైత్.

ప్రొఫెసర్ బుధవారం పన్నెండున్నరకి విచారణ పెట్టాడు. అక్కడ తేలకపోతే ఫైలు కాపీ కేసులు చూసే ఇంటెగ్రిటీ ఆఫీసుకి పోతుంది. పది నిమిషాల్లో నలుగురి తరఫునా జవాబు వచ్చింది. దయచేసి ఒంటిగంటా ముప్ఫై అయిదుకి పెట్టగలరా అని.

"ఒంటిగంటన్నర కూడా కాదు, ముప్ఫై అయిదు! ఆ అయిదు నిమిషాలు ఎవరికోసం?" అన్నాడు విట్‌కోమ్. సరే రానిమ్మన్నాడు. ఆంటీ కూడా వస్తుందేమోనని ఇద్దరికీ ఆశ కలిగింది.

మంగళవారం సంహిత అద్వైత్‌ని కారిడార్‌లో ఆపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకిది లాస్ట్ సెమ్. లాస్ కొలినాస్‌లో జాబ్ వచ్చింది, జూన్‌లో జాయినింగ్. ఆ ఆఫీసులో కేస్ ఓపెన్ అయితే డిగ్రీ హోల్డ్‌లో పెడ్తరు. డిగ్రీ లేకుంటే ఓపీటీ వర్క్ పర్మిట్ లేదు, జాబ్ లేదు. బ్యాగ్ సర్దుకోవుడే. నేను కాపీ కొట్టలే."

"మరి రీజన్ చెప్పు."

"చెప్తే నవ్వుతరు."

"ఆంటీ ఎవరు?"

సంహిత మొహం పాలిపోయింది. "ఆమెనెందుకు లాగుడు? మా అందరికీ అన్నం పెట్టే మనిషి," అని వెళ్లిపోయింది. అద్వైత్‌కి మనసులో ఎక్కడో చివుక్కుమంది. కానీ నేరస్థులు ఏడవరని ఏముంది అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద ఎర్రగళ్ల కాయితం పరుచుకుని కూర్చున్నాడు. మీనా చపాతీల గిన్నె పెట్టబోయి ఆగింది.

"రాహుకాలం చార్ట్ వేశావేంట్రా? నీకివన్నీ ఎప్పట్నించి?"

"రాహు... వాట్?"

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. ఆ టైంలో ముఖ్యమైన పనులు మొదలెట్టకూడదు. పాపం, ఖమ్మం పిల్ల ఒకతె పోయిన సెమ్‌లో మొదటి అసైన్‌మెంట్ శుక్రవారం పదకొండింటికి పంపిందిట. ఖాళీ ఫైల్ వెళ్లి సున్నా వచ్చిందని టెంపుల్‌లో ఒకటే ఏడుపు. అప్పట్నించి నేనే రోజూ టెంపుల్ స్టూడెంట్స్ ఫోన్ గ్రూప్‌లో టైం పెడుతున్నా. అయిదు నిమిషాలు లేటైనా మార్కులు పోవట కదా."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో అద్వైత్‌కి ఆ క్షణాన తెలిసింది.

"అమ్మా, నేను రిపోర్ట్ చేశాను. నిన్ను. చర్య తీసుకోవాలి అని రాశాను."

మీనా చపాతీల గిన్నె కింద పెట్టింది. "నా పేరు రాశావా?"

"పేరు తెలీలేదు."

"కన్నతల్లి పేరు తెలీలేదా! ఆ పిల్లల్ని నేనే చెడగొట్టానన్నమాట. రేపు నేనొస్తున్నా."

బుధవారం ఒంటిగంటా ముప్ఫై అయిదుకి విట్‌కోమ్ గదిలోకి నలుగురు విద్యార్థులు, వాళ్ల వెనక పట్టుచీరలో పులిహోర డబ్బాతో మీనా వచ్చారు. ప్రొఫెసర్ ముందు డబ్బాని అనుమానంగా చూశాడు, తర్వాత ఆవిణ్ని చూశాడు.

"ఆంటీ అంటే నేనే. ఏం చేస్తారో నన్ను చెయ్యండి, పిల్లల్ని వదిలెయ్యండి," అంది మీనా, టెక్సాస్‌లో పాతికేళ్లు మాట్లాడిన ఇంగ్లీషులో. తర్వాత అంతా వివరించింది. అద్వైత్ కార్పెట్ మీది మరక వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను ఆవిడ కొడుకని అప్పుడే తెలిసిన సంహిత నోరు తెరిచింది, ఇక మూయలేదు.

విట్‌కోమ్ నలుగురి అసైన్‌మెంట్లూ తెరిచి పక్కపక్కన పెట్టాడు. "మూడో ప్రశ్నకి సంహిత సరిగ్గా రాసింది. మిగతా ముగ్గురూ మూడు రకాలుగా తప్పు రాశారు. కాపీ కొట్టేవాళ్లు ఇంత స్వతంత్రంగా తప్పులు రాయరు. అద్వైత్, నువ్వు గడియారం తప్ప ఆన్సర్లు చూడలేదా?"

అద్వైత్ చూడలేదు.

"కేసు లేదు," అన్నాడు విట్‌కోమ్. సంహిత కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. మీనా ఆమె తల నిమిరింది. సంగతి అక్కడితో ముగిసేదే గానీ, ఆయన డేటా ప్రొఫెసర్. "ఈ సమయం ఎలా లెక్కగడతారు?" అని అడిగాడు.

"పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు. శుక్రవారం నాలుగో భాగం, బుధవారం అయిదోది, అంటే పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. పొద్దున ఆరు నుంచి లెక్క. మా చెల్లెలు ఐసెలిన్ నుంచి పంపిన కేలండర్‌లో ఉంది."

"ఆరు ఎందుకు?"

"సూర్యోదయం కదా."

"డాలస్‌లో ఇవాళ సూర్యోదయం ఏడూ మూడుకి," అన్నాడు విట్‌కోమ్ ఫోన్ చూసి. "అస్తమయం ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువ." లేచి బోర్డు మీద భాగహారం చేశాడు. "శుక్రవారం మీ చెడు సమయం పదకొండూ యాభై రెండుకి మొదలై ఒంటిగంటా ఇరవై తొమ్మిది దాకా ఉంటుంది. అంతకుముందు లైబ్రరీలో కూర్చున్నంతసేపూ మీకు మంచి సమయమే. అది ఎప్పుడు అయిపోతుందా అని కాచుకుని, అయిపోయాక సబ్మిట్ చేశారు."

"సెమ్ మొత్తం?" అంది సంహిత.

"మొత్తం. క్లాసులో ఎక్కువ మార్కులు కూడా నీవే."

"మరి ఇప్పుడు టైం?" అన్నాడు లోకేష్ గోడ గడియారం చూస్తూ.

"బుధవారం చెడు సమయం ఒంటిగంటా ఇరవై తొమ్మిది నుంచి మూడూ అయిదు దాకా," అన్నాడు విట్‌కోమ్, సంతోషం దాచుకోకుండా. "నేను పిలిచిన పన్నెండున్నర బ్రహ్మాండంగా ఉండేది."

మీనా మెల్లగా పులిహోర డబ్బా మూత తీసింది.

అందరూ వెళ్లబోతుంటే ప్రొఫెసర్ అద్వైత్‌ని ఆగమన్నాడు. స్క్రీన్ వైపు వేలు చూపించాడు. "రెండు వారాల పేపర్లు ఒక్కటీ దిద్దలేదు. మార్కులు ఇవ్వడానికి గ్రేడర్‌కి వారమే గడువు. మూడో పేజీ నీకూ వర్తిస్తుంది. ఆలస్యానికి కారణం చెప్పే ఫారం శుక్రవారం ఒంటిగంటలోగా పోర్టల్‌లో పెట్టు."

శుక్రవారం పన్నెండూ పదికి అద్వైత్ ఫారం నింపడం పూర్తిచేశాడు. సబ్మిట్ మీద వేలు పెట్టబోతుంటే ఫోన్ మోగింది. వాళ్లమ్మ అతన్ని కూడా గ్రూప్‌లో చేర్చింది. కొత్త మెసేజ్: 'ఇవాళ 11:52 నుంచి 1:29. డాలస్ టైం. ప్రొఫెసర్ గారు చెక్ చేశారు.' ఇదంతా ఉత్త నాన్సెన్స్ అనుకున్నాడు అద్వైత్. ఖాళీ ఫైల్ వెళ్లిందన్న మాట గుర్తొచ్చింది. లేచి వెళ్లి కాఫీ తెచ్చుకున్నాడు. నిదానంగా తాగాడు. మళ్లీ గడియారం చూశాడు.

ఒంటిగంటా ముప్ఫైకి సబ్మిట్ చేశాడు. పోర్టల్ అతని పేరు పక్కన ఎర్రగా 'లేట్' అని రాసి, మళ్లీ కారణం అడిగింది.

కారు పంక్చర్ అయిందని రాశాడు.