బీరువాలో హక్కు

కార్మిక సంఘాల హక్కులను ఇకపై ఎవరూ ముట్టుకోలేరంటూ దేశమంతటికీ కొత్త చట్టం వచ్చింది. (ఎవరూ అంటే కార్మికులు కూడానని తర్వాత తెలిసింది.)

చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలక్క అంటారు. ఆమె అంతస్తులోని నలభై మంది ఆడవాళ్లు బాత్రూముకు వెళ్లాలంటే ఉన్నది ఒకే ఒక చెక్కబిళ్ల. బిళ్ల లేనిదే తలుపు దాటకూడదు. కాజాలక్క పనిలో నీళ్లు తాగడం మానేసి రెండేళ్లయింది. పక్క మిషను మీద కాలర్లు కుట్టే ఆవిడ అందరికీ కాలర్ల వదిన; ఆమెకు ఏడో నెల. ఆమెకు అలా కుదరదు. రెండో బిళ్ల కావాలి. అడగాలంటే సంఘం ఉండాలి.

కాజాలక్క నలభై సంతకాలు పట్టుకుని, కొత్త చట్టం కింద వచ్చిన హక్కుల పరిరక్షణాధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన సంఘం హక్కు పత్రం మీద ముద్ర కొట్టి, ఊది ఆరబెట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"సార్, అది మాకివ్వరా?"

"చట్టం చదవలేదా తల్లీ? హక్కును భద్రపరచాలని రాశారు. మీకిస్తే మడతలు పడదూ?"

"మరి వాడుకోవడం ఎలాగండీ?"

"వాడితే అరిగిపోతుంది కదమ్మా!" అన్నాడాయన జాలిగా.

(చూడాలంటే మాత్రం అరవై రోజుల ముందు అర్జీ పెట్టుకోవచ్చు.)

ఫ్యాక్టరీలో రెండో బిళ్ల అడిగితే, మేనేజరు సంఘం పత్రం చూపించమన్నాడు.

"బీరువాలో ఉంది సార్."

"అయితే ఆ బీరువానే రమ్మను, మాట్లాడతా. నువ్వెళ్లి కాజాలు కుట్టు."

కాలర్ల వదిన నిట్టూర్చింది. "సమ్మె చేద్దామా అక్కా?"

"దానికీ ఆ కాగితమేనట."

"పోనీ, బిళ్ల కోసం నిలబడ్డానికి?"

కాజాలక్క గోడ మీది నిబంధన వైపు చూసింది. 'బిళ్ల కావలసినవారు వరసలో నిలబడవలెను.' కాగితం ఊసే లేదు.

మర్నాడు పదింటికి నలభై మందికీ ఒక్కసారే అవసరం పడింది. మిషన్లన్నీ ఆగాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? సమ్మెనా?"

"అయ్యో, క్యూ సార్," అంది చివర్లో నిలబడ్డ కాజాలక్క. "మనిషికి పది నిమిషాలే. మీరేం కంగారు పడకండి, సాయంత్రానికల్లా నా వంతు వచ్చేస్తుంది."

"నవ్వించకే అక్కా, ఆగలేను!" అని ముందు నుంచి కాలర్ల వదిన కేక పెట్టింది.

మధ్యాహ్నానికి రెండో బిళ్ల వచ్చింది. ఎందుకైనా మంచిదని మూడోది కూడా.

ఆ నెల పరిరక్షణాధికారి బీరువా తెరిచి, తనిఖీ చేసి, పైకి నివేదిక పంపాడు: "చట్టం దిగ్విజయం. కార్మికులకు బిళ్లలు దక్కాయి. సంఘం హక్కు చెక్కుచెదరలేదు. ఇంతవరకు ఒక్కసారి కూడా వాడలేదు."