స్వయంగా వచ్చి తీసుకెళ్ళండి, ఉచితం

ఆ ఆదివారం పొద్దున ఊలు ఏనుగులకు పోస్టేజీ తేల్చేద్దామని మాత్రమే కోడలు అనుకుంది. అరగంట పని.

ఉద్యోగం మానేసి ఆరు నెలలుగా ఆమె ఊలుతో ఏనుగులు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ఏనుగులు బాగానే ఉన్నాయి, తంటా అంతా పంపడంలోనే. మామూలు పోస్టు చవక, కాని పెట్టె ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. రిజిస్టర్డు పోస్టుకు సంతకం పెట్టడానికి అవతల ఇంట్లో మనిషుండాలి. కొరియర్ గబగబా వెళ్తుంది, ఛార్జీ మాత్రం ఏనుగు ఖరీదును మించిపోతుంది. ఈ గొడవల్లో షాపు రేటింగు మూడున్నరకు జారిపోయింది. నెలాఖరులోగా నాలుగు దాటకపోతే షాపు మూసేసి పాత ఉద్యోగంలో చేరతానని ఆమె ఇంట్లో అందరి ముందూ ప్రకటించింది. అందరూ అంటే భర్త, అత్తగారు.

"చేరు తల్లీ," అంది అత్తగారు. "ఏనుగుల్ని నమ్ముకుని మావటివాళ్ళే బాగుపడలేదు."

కోడలు వంటింటి కాటా మీద ఏనుగును పెట్టెతో సహా తూచి, నూట పది గ్రాములని చెప్పింది. భర్త ల్యాప్‌టాప్‌లో షాపు ఫారంలోకి ఎక్కించాడు. ఆయన బీమా ఆఫీసులో ఫారాలు సరిచూసే ఉద్యోగి. ఖాళీగా వదిలేసిన గడి ఆయనకు కంట్లో నలుసు.

"మనవి మూడు పద్ధతులే. ఇక్కడ నాలుగో గడి ఉంది."

"ఉంటే ఉండనివ్వండి."

"ఖాళీగా వదిలితే ఫారం వెనక్కొస్తుంది."

"ఇది మీ ఆఫీసు కాదండీ బాబూ!"

ఆయన అప్పటికే నాలుగో గడిలో 'స్వయంగా వచ్చి తీసుకెళ్ళండి, ఉచితం' అని కొట్టేశాడు. ఊళ్ళోవాళ్ళు ఒకరిద్దరికి పనికొస్తుందిలే అని ఆమె కూడా ఊరుకుని, టేపు కత్తిరించుకుంటూ కూర్చుంది. కింద ఇంకో ప్రశ్న ఉంది. కొనేవారు ఏదీ ఎంచుకోకపోతే ఏ పద్ధతి వర్తించాలి? ఉచితమైతే ఎవరికీ నష్టం లేదు కదా అనుకుని, ఆయన భార్యను అడక్కుండానే నాలుగోదానికి టిక్కు పెట్టేశాడు.

బుధవారానికి ముప్ఫై ఒక్క ఏనుగులు అమ్ముడుపోయాయి. పోస్టేజీ సున్నా అని కనబడేసరికి జనం ఎగబడ్డారు. కోడలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. చిరునామాలు చూశాక మాత్రం నేల మీదే కూలబడింది.

"ఏవండీ! అందరూ వచ్చి తీసుకెళ్తారట! ఈవిడ ఊరు ఆరువందల కిలోమీటర్లు!"

"అంత దూరం నుంచి వస్తున్నారంటే బొమ్మ నచ్చినట్టేగా," అన్నాడు భర్త.

వివరం కనుక్కునేలోపే ఫోన్లు మొదలయ్యాయి. ఇంటి చిరునామాతో, శనివారం రమ్మంటూ కొన్నవాళ్ళందరికీ షాపు నుంచి మెసేజి దానంతటదే వెళ్ళిపోయిందట.

"నేనెప్పుడు ఎంచుకున్నానో గుర్తులేదు గానీ, మీరు రమ్మన్నారు కదాని మా తోడల్లుడి స్నేహితుణ్ణి పంపిస్తున్నానమ్మా," అన్నాడు ఒకాయన.

శనివారం పది గంటలకల్లా వరండాలో పద్నాలుగు జతల చెప్పులు చేరాయి. పెట్టె అందించడం నిమిషం పని. కాని తలుపు దగ్గర కుర్చీలో అత్తగారు ఉంది. వచ్చిన ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఎవరి తాలూకు నాయనా మీరు?" అని మొదలుపెట్టి, మూడు తరాలు తవ్వి గాని వదలడం లేదు. మిగతావాళ్ళు మెట్ల మీద మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు.

అపార్ట్‌మెంటు సెక్రటరీ మేడెక్కుతూ ఆ చెప్పులు చూశాడు, ఆ మొహాలు చూశాడు. గొంతు తగ్గించి ఒకాయన్ని అడిగాడు.

"ఎందుకండీ వచ్చారు?"

"తీసుకెళ్ళడానికండీ. లోపల పెట్టెలో పెట్టి అంతా సిద్ధం చేశారట."

సెక్రటరీ గుండె జారింది. "పెద్దావిడేనా?"

"ఆవిడ దగ్గరే కదండీ అంతా ఆగిపోయింది."

ఇంకేం అడగాలి? ఆయన కిందికి దిగి, మూడో అంతస్తు పెద్దావిడ ఇక లేరని అపార్ట్‌మెంటులో అందరికీ మెసేజి పెట్టాడు. తన దగ్గర నంబరుంది కదాని ఆవిడ కూతురికి కూడా ఫోను చేసి ధైర్యం చెప్పాడు. అరగంటలో ఇరుగుపొరుగంతా దిగాలుగా మెట్లెక్కారు. ఏనుగుల వరస మూడో అంతస్తు నుంచి గేటు దాకా పెరిగింది. ఏనుగు కోసం వచ్చిందెవరో, ఏడవడానికి వచ్చిందెవరో తెలియడం లేదు. తీరా ఇంత దూరం వచ్చాం కదాని ఏడవడానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు ఏనుగులు కొన్నారు.

ఇంతలో ఆడపడుచు టాక్సీ దిగి, "అమ్మా!" అని గుండెలు బాదుకుంటూ అందరినీ తోసుకుని పైకొచ్చింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నువ్వూ ఏనుగు కోసమేనా? వరసలో రా."

ఆడపడుచు అక్కడే కూలబడి, మొదట ఏడ్చి, తర్వాత నవ్వి, జరిగిందంతా విన్నాక ఆఖరికి తమ్ముడి మీద విరుచుకుపడింది. "గడి ఖాళీగా ఉంటే చచ్చిపోతావురా నువ్వు? అమ్మని చంపేశావు కదరా!"

"చంపింది సెక్రటరీ అక్కా," అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రమే కోడలు నాలుగో పద్ధతిని తీసిపారేసింది. దూరపువాళ్ళందరికీ క్షమాపణ చెప్పి, తన చేతి డబ్బుతో కొరియర్ చేసింది. రేటింగు సంగతి ఇక తలచుకోదలచుకోలేదు. అల్లిక సూదులు డబ్బాలో పెట్టేటప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాత ఆఫీసుకు ఉత్తరం కూడా రాసుకుంది.

నెలాఖరున, ఆ ఉత్తరం పంపేముందు ఒక్కసారి చూద్దామని షాపు పేజీ తెరిచింది. రేటింగు నాలుగుంపావు. ఆమె నమ్మలేక అభిప్రాయాలు పైకి చదివింది. 'పెద్దావిడ మా తాతగారి పేరు చెప్పగానే ఒళ్ళు పులకరించింది.' 'మా అమ్మాయికి రెండు సంబంధాలు చెప్పారు.' 'ఆవిడతో ఇంకో గంట కూర్చోవాలనుంది, ఇంకోటి కొంటాం.'

అత్తగారు గోడకు చేరబడి చివరిదాకా వింది.

"అమ్మాయ్, ఆ నాలుగోదాన్ని తీసేయమని నీకెవరు చెప్పారు?"

ఉత్తరం చెత్తబుట్టలోకి పోయింది. సూదులు బయటికొచ్చాయి. నాలుగో పద్ధతి తిరిగి ఎక్కింది, రోజూ నాలుగు నుంచి ఆరు దాకా అని. ఆ వేళలు అత్తగారే ఖరారు చేసింది.

ఏనుగు ఎలా ఉందో మాత్రం ఎవరూ రాయలేదు.