వారి సరస్సులు, నా సరస్సు

విదేశాలకు చదువుకోవడానికి వెళ్లినవాళ్లు అక్కడ చదవకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

ఆలోచించండి. పుస్తకాలు ఏలూరులోనూ ఉన్నాయి. విండ్సర్ కోట ఏలూరులో ఉందా? సముద్రాలు దాటి వెళ్లిన మనిషి గది తలుపు మూసుకుని పుస్తకం తెరిస్తే, మోసుకెళ్లిన ఓడకెంత అవమానం!

మావారు చలపతిరావుగారు ఏలూరులో ఎకనామిక్స్ లెక్చరరు. కిందటేడు ఇంగ్లండులో ఒక యూనివర్సిటీవారి వేసవి కోర్సుకు వెళ్లొచ్చారు. వాళ్ల వేసవి అంటే మనకు వానాకాలం లెండి. దరఖాస్తు రాసింది నేను, సంతకం చేసింది వారు. మా ఇంట్లో మొదటినుంచీ ఇదే పద్ధతి. నేను రాసిన కాగితం పక్కన కాఫీ పెడితే, కాఫీ చూసి తాగుతారు, కాగితం చూడకుండా సంతకం చేస్తారు.

నేనూ ఎకనామిక్స్‌లో బి.ఎ. ప్యాసైనదాన్నే. ఆ దేశం చూడాలని నాకూ ఉండేది. నేను అడగలేదు కనక కాదన్నవారూ లేరు.

మొదటి నెలంతా బొమ్మల కార్డులు. ఇదిగో టవరు, ఇదిగో వంతెన, ఇదిగో రాతి సింహాలు. లైబ్రరీ బొమ్మ కూడా ఒకటి వచ్చింది. బయటినుంచి తీసింది.

ఆగస్టులో ఎయిర్ మెయిల్ ఉత్తరం వచ్చింది. ప్రతి విద్యార్థీ తన ప్రాంతంలో జనం బతుకుతెరువు గురించి ఇరవై పేజీల వ్యాసం రాయాలట. వారి వంతుకు కొల్లేరు వచ్చిందట. "ఈ నెలంతా మమ్మల్ని ఇక్కడి సరస్సులు చూడటానికి తీసుకెళ్తున్నారు. మళ్లీ ఈ అవకాశం రాదు. అక్కడి సరస్సు సంగతి నువ్వు చూడు. నేను దాన్ని రైల్లోంచి తప్ప చూడలేదు."

చదువుకీ షికారుకీ ఇంతకన్నా సమతూకం ఎక్కడుందండీ? భార్యను అర్ధాంగి అన్నది ఎందుకు? ఒక సగం చూసి వస్తుంది, రెండో సగం రాసి పంపుతుంది.

కొల్లేరు వెళ్లాను. మరిడమ్మ అనే బెస్త ఆవిడ దోనెలో నాలుగు రోజులు లంకల మధ్య తిరిగాను. చేపలు పట్టే వెదురు మావు నీళ్లలో ఎలా పెడతారో, అందులో దూరిన కొరమేను మళ్లీ ఎందుకు బయటికి రాలేదో ఆవిడ చేత్తో తిప్పి చూపించింది. నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

"ఇదంతా ఎవరికండీ అమ్మగారూ?" అంది.

"ఇంగ్లండులో దొరలకి."

"ఆళ్లకి సేపల్లేవాండీ?"

"ఉన్నాయి. పట్టేవాళ్ల సంగతి కావాలట."

"మరి అయ్యగారు అక్కడేం సేత్తన్నారండీ?"

"సరస్సు చూస్తున్నారు."

మరిడమ్మ తెడ్డు ఆపి కొల్లేరు నాలుగు వైపులా ఓసారి చూసింది. "నీళ్లు సూడ్డానికి అంత దూరం ఎల్లారాండీ," అంది.

ఇల్లు చేరేసరికి తాడేపల్లిగూడెం నుంచి మా ఆడపడుచు శేషారత్నం దిగి ఉంది. నా చీర అంచు బురద వంక చూసింది.

"అన్నయ్య అక్కడ నిద్రాహారాలు మాని చదువుతుంటే, నువ్విక్కడ పడవ షికార్లు చేస్తున్నావా వదినా?"

తప్పేనని ఒప్పుకున్నాను. ఆవిడ ఊరెళ్లాక ఇరవై పేజీలూ రాసి, టైపు చేయించి పంపాను. వారు చేయవలసిన పని సంతకం ఒక్కటే. అదీ సరస్సుల నుంచి తిరిగొస్తూ బస్సులో చేశారట.

వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. మావు ఎలా పనిచేస్తుందో చెప్పమని ప్రొఫెసరు అడిగితే, "అది కళ్లారా చూడవలసిందేనండి," అన్నారట మావారు. నిజాయితీపరులు.

వారు తిరిగొచ్చిన రోజు శేషారత్నం, "ఎంత చిక్కిపోయావు అన్నయ్యా," అని కళ్లు తుడుచుకుంది. ఆ మర్నాడు నేను వారి చొక్కాలన్నిటికీ బొత్తాలు జరిపి కుట్టాను. పాత చోట పట్టడం లేదు.

కిందటి వారం ప్రొఫెసరుగారి దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఆ వ్యాసం రాసినవారు వచ్చే వేసవిలో తమ అతిథిగా వచ్చి, కొల్లేరు గురించి మూడు వారాలు పాఠాలు చెప్పాలట. మావారు పొంగిపోయారు.

"ఈసారి స్కాట్లండు కూడా చూడొచ్చోయ్. ఒప్పుకుంటున్నానని జవాబు రాసిపెట్టు," అన్నారు.

రాసిపెట్టాను. వ్యాసం రాసిన మనిషి సంతోషంగా వస్తుందనీ, ఆ మనిషి తన భార్య జ్ఞానప్రసూనాంబ అనీ, ఆమె ప్రయాణానికి భర్తగా తనకు పూర్తి సమ్మతి అనీ. పక్కన కాఫీ పెట్టాను. వారు సంతకం చేశారు. నేను పోస్టు చేశాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం బొమ్మల కార్డులు ముందేసుకుని, ఏది ఎక్కడుందో, దేనికి ఏ బస్సెక్కాలో నాకు వివరిస్తున్నారు. శ్రద్ధగా రాసుకుంటున్నాను. తీరా వెళ్లాక పాఠాలకి కొత్త వివరాలు కావలసి వస్తే భయం లేదు. కొల్లేరు ఇక్కడే ఉంటుంది, వారూ ఇక్కడే ఉంటారు. దోనె సంగతి మరిడమ్మతో చెప్పి ఉంచాను.

ఇదంతా పత్రికలో వేస్తే వారికి తెలిసిపోదా అని మీరు కంగారు పడనక్కర్లేదు. పంపే ముందు వారికి చూపించే పంపుతున్నాను. అచ్చు వేసుకోవడానికి అభ్యంతరం లేదని కింద సంతకం చేశారు.

కాఫీ బాగుందన్నారు.