ఒక సీడీ, రెండు ప్లేయర్లు, ఐదు నెలల దర్యాప్తు

ఒక వస్తువు కొనడానికి కనీసం ఐదు నెలలు ఆలోచించని మనిషిని నేను నమ్మను!

కోప్పడకండి. మీరు షాపుకెళ్తారు, వేలు పెట్టి చూపిస్తారు, అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చేస్తారు. దాన్ని కొనడం అంటారా? మా వృత్తిలో దాన్ని కిడ్నాప్ అంటారు. కొనడమంటే దర్యాప్తు. అనుమానితులు ఉండాలి. సాక్షుల్ని విచారించాలి. చివరి పేజీ దాకా ఎవర్నీ నమ్మకూడదు.

అరవై మూడు డిటెక్టివ్ నవలలు రాసిన అనుభవంతో చెబుతున్నాను. ఏది కొనాలో తేల్చుకోలేకపోవడం ఈ కాలం మనకిచ్చిన వరం. మా నాన్నకి ఆ అదృష్టం లేదు. ఆయన రోజుల్లో అమలాపురంలో రేడియో కావాలంటే షాపులో ఉన్న రేడియోనే కొనాలి. కొన్నాడు, విన్నాడు, పోయాడు. ఒక్క రివ్యూ కూడా చదవకుండా! ఏం బతుకండీ అది?

ఇక కేసు వివరాల్లోకి వస్తాను.

మా మావగారు నతానియేలు మాస్టారు రాజోలులో రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఏళ్ళు చర్చిలో క్వయర్ నడిపారు. 2005లో ఆ క్వయర్ చేత పన్నెండు పాటలు పాడించి, రాజమండ్రి తీసుకెళ్ళి రికార్డు చేయించి, సీడీ వేయించారు. అందులో నాలుగో పాట మధ్యలో అందరూ ఆగిపోతారు. మా అత్తగారు సూరమ్మగారు ఒక్కరే అందుకుని పైకి వెళ్తారు. ఎంత పైకంటే, వినేవాడు తనకు తెలియకుండానే మెడ ఎత్తుతాడు. ఆ ఒక్క చరణం కోసమే సీడీ వేయించానని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. రాజోలులో ఆ సంగతి తెలియనివాళ్ళూ లేరు.

ఆ సీడీల్లో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. దాన్ని వాయించే పాత సెట్టు ఎప్పుడో మూగబోయింది. ఈ మార్చిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, మాస్టారి వినికిడి నెలనెలా తగ్గిపోతోందన్నాడు. చెవికి మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదని మాస్టారు దాన్ని డబ్బాలో పెట్టేశారు.

తిరిగి వస్తుంటే కారులో మెల్లగా అన్నారు.

"అల్లుడుగారూ, ఆ సీడీ ఒక్కసారి వినాలనుందండి. చెవులుండగా."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

"నాకొదిలేయండి మావగారూ" అన్నాను. నా నవలల్లో ఈ మాట అన్నవాడు తర్వాతి ప్రకరణంలో శవమై తేలుతాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ రెబెకా కాఫీతో పాటు పరిష్కారం కూడా పట్టుకొచ్చింది.

"సెంటర్లో ఫోటో స్టూడియో ఆయన పది నిమిషాల్లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాడటండి. నాన్నగారి టీవీకి పెట్టేస్తే అయిపోద్ది."

పది నిమిషాలు! చూశారా ఎంత ప్రమాదంలో పడబోయామో! ముప్పై ఏళ్ళ క్వయర్‌ని గోరంత పెన్‌డ్రైవ్‌లో కుక్కుతారా? పాట నలిగిపోదూ? మీ అమ్మగారి గొంతు ఇరుకున పడి కాళ్ళు ముడుచుకోదూ, అని ఆవిణ్ణి నిలదీశాను.

"వింటే చాలండి, కాళ్ళు చాపుకోనక్కర్లేదు" అంది రెబెకా.

ఇలాంటి సాక్షులే కేసుల్ని చెడగొడతారు. సీడీని తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. సాక్ష్యాన్ని భద్రపరచడం దర్యాప్తులో మొదటి మెట్టు.

నా ముందు ఇద్దరు అనుమానితులు నిలబడ్డారు. మొదటివాడు సీడీ ప్లేయర్. పాట తప్ప ప్రపంచంలో ఇంకేమీ తెలియదు. రెండోవాడు బ్లూరే ప్లేయర్. సినిమా చూపిస్తాడు, ఫోటోలు చూపిస్తాడు, అడిగితే పాట కూడా పాడతాడు. ఒకే పని చేసేవాణ్ణి చూస్తే, మిగతా టైములో ఏం చేస్తుంటాడా అని నాకు అనుమానం. అన్ని పనులూ చేసేవాణ్ణి చూస్తే అనుమానం కూడా అక్కర్లేదు, ఏదీ సరిగ్గా చేయడు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి?

గడియార స్తంభం దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే శివప్రసాద్‌ని విచారించాను.

"సీడీ ప్లేయరాండి?" అంటూ అతను నా వైపు జాలిగా చూశాడు. "ముమ్మిడివరం వైపు సీడీల్ని చేపల చెరువుల మీద కడతన్నారండి, కొంగలు బెదిరిపోడానికి. మీరు ఇంకా వింటన్నారా?"

"మా మావగారు వినడానికి శబ్దం ఏ ప్లేయర్‌లో బాగుంటుందయ్యా?"

"మీ మావగారి వయసెంతండి?"

"ఎనభై మూడు."

"అయితే ఏదైనా బాగానే ఉంటాదండి. ఈ వారంలో కొనేయండి."

అమ్ముకునేవాడు తొందరపెట్టాడంటే లోపల ఏదో మతలబు ఉందన్నమాట! అక్కడి నుంచి నేరుగా ఇంటికొచ్చి ఇంటర్నెట్ తెరిచాను.

ఆహా, ఏం లోకమండీ అది! ఊరూ పేరూ లేని ఒక పెద్దమనిషి బ్లూరే ప్లేయర్ లోపల ఫ్యాను తిరుగుతుందనీ, దానివల్ల వీణలో మూడో తీగ చిన్నబుచ్చుకుంటుందనీ పదకొండు పేజీలు రాశాడు. ఆ కింద మరో పెద్దమనిషి మొదటాయన చెవుల్ని తిడుతూ పధ్నాలుగు పేజీలు రాశాడు. మూడోవాడు కరెంటు తీగ మార్చకుండా పాట విన్నవాడు పాట విన్నట్టే కాదన్నాడు. ఏప్రిల్ మొత్తం చదివాను. రాయాల్సిన సీరియల్లో హంతకుడు మూడు వారాలుగా కత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. పాపం, వాడికీ కాళ్ళు నొప్పులు పుట్టే ఉంటాయి.

మే నెలలో కువైట్ నుంచి మా బావమరిది దీపక్ ఫోన్ చేశాడు.

"బావగారూ, నా రూములో బ్లూరే ఊరికే పడుంది. మా వాడొకడు రేపు కొత్తపేట వస్తన్నాడు. ఇచ్చి పంపేస్తాను."

"మోడల్ నంబరు చెప్పు. వెనకాల ఎన్ని కన్నాలున్నాయో ఫోటో తీసి పెట్టు."

దీపక్ ఫోటో తీయలేదు, ప్రశ్న వేశాడు.

"బావగారూ, ఇది నాన్న వినడానికా, మీరు పరీక్ష రాయడానికా?"

వద్దని చెప్పేశాను. ఊరికే వచ్చినదాన్ని పోల్చి చూడ్డానికి ఉంటుందా? ధర లేని వస్తువుకి రివ్యూ ఎలా చదువుతాం?

ఇన్ని అవాంతరాల మధ్య నన్ను అర్థం చేసుకున్న మనిషి ఒక్క మావగారే. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక రాజోలులో వాళ్ళ వరండాలో కూర్చుని దర్యాప్తు పురోగతి వివరించేవాణ్ణి. సీడీ మీద లేజర్ కిరణం ఎలా పడుతుంది, అంకెలు మళ్ళీ పాటగా ఎలా మారతాయి, ఫ్యాను వల్ల వచ్చే ముప్పేమిటి, అన్నీ.

"ఆయ్" అనేవారు మాస్టారు.

"తొందరపడి చవకబారుది కొనకూడదు కదండీ?"

"ఆయ్, అంతేనండి."

"ఇంకో నెల పట్టొచ్చండి."

"ఆయ్, ఆయ్. తమరి వీలు చూసుకోండి."

ఎంత సంస్కారం! ఎంత శాస్త్రీయ దృష్టి! రెబెకా వాళ్ళింట్లో నా స్థాయిలో ఆలోచించగలిగేది ఈయనొక్కరే అనుకుని పొంగిపోయేవాణ్ణి.

జూన్ చివరి ఆదివారం నేను కరెంటు తీగల గురించి చెబుతుంటే అత్తగారు కొబ్బరి తురుముతూ తల కూడా ఎత్తకుండా అన్నారు.

"అల్లుడుగారూ, మీరు చెప్పేది ఆయనకి వినపట్టం లేదండి. అల్లుడికి అడ్డు చెప్పకూడదని ఆయ్ అంటన్నారు. మొన్న పాలబ్బాయి పాలు విరిగిపోయాయంటే అతనికీ ఆయ్ అనేరు."

నేను కంగు తిన్నాను. వెంటనే తేరుకున్నాను. వినికిడి తగ్గిందంటే ఏమిటి అర్థం? ఇంకా మంచి ప్లేయర్ కావాలనేగా! ఇప్పటిదాకా చేసిన దర్యాప్తు సరిపోదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"నవలలో హంతకుణ్ణయినా ఇంత వెతకరండి మీరు" అన్నారు అత్తగారు. అదో మెచ్చుకోలుగా తీసుకున్నాను.

జూలైలో తెగించి సీడీ ప్లేయర్ తెప్పించాను. పెట్టె విప్పి, ప్లగ్గు పెట్టి, సీడీ వేసి, మీట నొక్కాను. గిర్రున తిరిగింది. నిశ్శబ్దం! ఆ ప్లేయర్ పాటను చదువుతుందట గానీ పాడదట. పాడించడానికి ఆంప్లిఫయర్ వేరే కావాలట. ఆంప్లిఫయర్‌కి నోరు లేదు కాబట్టి స్పీకర్లు వేరే కావాలట. పన్నెండు వందల పేజీలు చదివినవాడికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదేమిటండీ? రెబెకాకి ఈ సంగతి చెప్పలేదు. ప్లేయర్‌ని బీరువాలో సీడీ పక్కనే పెట్టి తాళం వేశాను. ఇద్దరూ ఒకరికొకరు తోడు.

ఆ బాధలో దీపక్‌కి ఫోన్ చేసి, పోనీ నీ బ్లూరే పంపించవయ్యా అన్నాను. వచ్చింది. అది ఇంకా పెద్ద మనిషి. దాని ముఖం మీద అంకె ఉండదు, అక్షరం ఉండదు. ఎన్నో పాట నడుస్తోందో తెలియాలంటే టీవీ వెయ్యాలి. రాజోలులో టీవీ వేస్తే అత్తగారి సీరియల్ వస్తుంది. సీరియల్ అయ్యేదాకా పాట ఆగాలి. ఒక సీరియల్ అయ్యేసరికి ఇంకో సీరియల్. సీరియల్స్ రాసుకుని బతికేవాణ్ణి, వాటిని ఆపమని ఏ నోటితో చెప్పను?

చివరికి ఆగస్టులో ఒక శనివారం రెండు ప్లేయర్లూ, కొత్త ఆంప్లిఫయరూ, స్పీకర్లూ కారులో వేసుకుని రాజోలు వెళ్ళాం. తీర్పు రోజు! మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. డబ్బాలోంచి చెవి మిషన్ కూడా తీసి పెట్టుకున్నారు. అత్తగారు తలుపు వార నిలబడ్డారు. తన గొంతు తానే వినడానికి ఆవిడకి సిగ్గు.

సీడీ ప్లేయర్‌లో నాలుగో పాట వేశాను. క్వయర్ అందుకుంది. మాస్టారి చెయ్యి దానంతటదే గాలిలోకి లేచి తాళం వేయడం మొదలుపెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. నా ఐదు నెలలు ఫలించాయి!

క్వయర్ ఆగింది. అత్తగారి గొంతు ఒంటరిగా పైకి లేచింది. గదిలో మా అందరి మెడలూ ఎత్తాయి.

మాస్టారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. స్పీకర్ వైపు వంగారు. ఎదురుచూస్తున్నారు.

"ఆగిపోయిందేంటండి?" అన్నారు.

ప్లేయర్‌లో లోపమనుకున్నాను. చెప్పానా, ఒకే పని చేసేవాణ్ణి నమ్మకూడదని! గబగబా సీడీ తీసి బ్లూరేలో వేశాను. టీవీ పెట్టాను. అదృష్టం, సీరియల్ టైము కాదు. మళ్ళీ నాలుగో పాట. మళ్ళీ క్వయర్, మళ్ళీ ఆ చెయ్యి, మళ్ళీ ఆ చరణం. శబ్దం ఎంత పెంచానంటే గోడ మీది క్యాలెండరు వణికింది.

"ఏది బాగుందండి మావగారూ?" చెవి దగ్గర అరిచాను.

ఆయన రెండు ప్లేయర్లనీ మార్చి మార్చి చూశారు. మర్యాద తప్పకుండా తీర్పు ఎలా చెప్పాలా అని ఆలోచించారు.

"రెండూ బాగున్నాయండి. మగాళ్ళు బాగా పాడేరు." తలుపు వైపు ఒకసారి చూశారు. "రెండిట్లోనూ మీ అత్తగారు లేరండి."

రెబెకా స్పీకర్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"సన్నటి గొంతులు ముందు పోతాయని డాక్టరు చెప్పేడు కదండీ. వినాలనుకున్నవేవో త్వరగా వినిపించేయమని మీతోనే చెప్పేడు. మార్చిలో."

నాకు ఆ మాట విన్న గుర్తే లేదు. అప్పుడు నేను ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాను. బహుశా ఏదో వస్తువు రివ్యూయే అయ్యుంటుంది.

అత్తగారు తలుపు వార నుంచి వచ్చి, స్టూలు లాక్కుని, మాస్టారికి ఎడమవైపు కూర్చున్నారు.

"నాకిప్పుడంత పైకి వెళ్ళదండి. కప్పలా ఉంటాది" అన్నారు, ఆయన చెవిలో.

"కప్పయితే వినపడతాది. కానియ్ సూరమ్మా."

ఆవిడ కింది శ్రుతిలో, బొంగురుగా, రెండుసార్లు దగ్గుతూ ఆ చరణం పాడారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. సగం అయ్యాక ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు.

"అల్లుడుగారూ, ఏవనుకోకండి. ఆ ప్లేయరు ఆపేద్దురూ, మధ్యలో అడ్డొస్తంది."

ఆపేశాను.

ఇంత చదివాక మీరు ఊరుకోరని నాకు తెలుసు. కథంతా సరే, ఇంతకీ పాటలకి సీడీ ప్లేయర్ మంచిదా, బ్లూరే మంచిదా అని నాకు ఉత్తరాలు రాస్తారు. రెండిటి గురించీ ఈ జిల్లాలో నాకన్నా ఎక్కువ చదివినవాడు లేడు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. మొన్న మార్చిలో మా ఇంట్లో ఏది ఉండుంటే అదే మంచిది.