కొండ ఎక్కడికీ పోలేదు

కొండను మూడు తరాలుగా కాపాడుతున్నందుకు రాళ్ల షావుకారుకు ‘పర్వత రక్షక’ బిరుదు ఇవ్వాలని వర్తక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కొండ కనిపించడం లేదని ఒకరిద్దరు గొణిగిన మాట వాస్తవమే. అయితే చూపు ఆనని వారి అభిప్రాయాలను తీర్మానంలో చేర్చే ఆనవాయితీ సంఘానికి లేదు.

షావుకారుకు బిరుదుకన్నా అవసరమైన పని ఇంకొకటి ఉంది. కొండలో మిగిలిన చివరి ముక్క మీద ఆయన గుత్త గడువు తీరిపోతోంది. పొడిగించాలంటే, ఇన్నాళ్లూ కొండను ఎలా సంరక్షించాడో ఊరి ముందు, అధికారి ముందు చెప్పుకోవాలి. ఇది కొత్త నిబంధన.

చెప్పుకోవడానికి చరిత్రకేం తక్కువ? తాత ఉలి పట్టి వ్యాపారం మొదలుపెట్టిన రోజే, గడ్డి పాడవుతుందని కొండ మీదికి మేకలను రానివ్వలేదు. తండ్రి మందుగుండు తెచ్చాక, పేలుళ్లకు దెబ్బ తగలకూడదని పక్షులను ముందుగానే తరిమించాడు. షావుకారు యంత్రాలు దించి, పిడికెడు కంకర కూడా ఎవరూ ఎత్తుకుపోకుండా చుట్టూ ముళ్లకంచె వేయించాడు. ఇలా ముగ్గురూ కొండను ఇతరుల నుంచి కాపాడారు. సంరక్షణకు ఇంకో అర్థం ఉందని ఆ ఇంట్లో ఎవరూ చెప్పగా ఆయన వినలేదు.

సంఘం హాల్లో సభ జరిగింది. అభ్యంతరాలుంటే చెప్పమని అధికారి అడగ్గానే షావుకారు మేనత్త లేచింది. ఆవిడ ఇల్లు కొండ కింది వీధిలోనే.

“ఒరేయ్, ఆ మిగిలిన ముక్క కిందే ఊట ఉంది. అదీ తవ్వేస్తే మా బావులేం కావాలి? ఇప్పటికే చేద వేస్తే బురదొస్తోంది. ఇంకా ఎంత మింగుతావురా?”

సరుకుకు వంకలు పెట్టేవాళ్లను షావుకారు చాలామందిని చూశాడు. తొణకలేదు.

“అత్తా, పొద్దున గుమ్మం ముందు మెట్టు కడిగావా?”

“కడక్క? రోజూ కడుగుతాను.”

“మెరుస్తోందా?”

“నా మొహం కనిపిస్తుంది. అయితే ఏంటట?”

“కొండంటే అదేగా అత్తా! అక్కడుంటే ఎండకెండి, వానకు తడిసి, నాచు పట్టేది. నీ గుమ్మంలో మహారాణిలా ఉంది.” షావుకారు సభ వైపు తిరిగి గొంతు పెంచాడు. “సోదర సోదరీమణులారా! కొండ ఎక్కడికీ పోలేదు. మీ వంటగట్లలో, మీ మేడమెట్లలో పదిలంగా ఉంది. నాడు ఎవరికీ కాని కొండ, నేడు ఇంటింటి ఆస్తి! ఇంతకు మించిన సంరక్షణ ఎక్కడైనా ఉంటే చూపించండి!”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. గట్టిగా నిలదీద్దామని వచ్చిన బడి మాస్టారు తన స్నానాల గది గుర్తొచ్చి కూర్చున్నాడు. డాక్టరుకు వరండా గుర్తొచ్చింది. అధికారి నేల నునుపును చెప్పుతో రాసి చూసి, తానూ ఇల్లు కడుతున్నానని ప్రస్తావించి, గుత్త పొడిగించాడు.

వేసవి రాకముందే అత్త బావి ఎండింది. ఊట నీళ్లన్నీ తవ్విన గుంటలో చేరాయి. అవి వృథా అవుతుంటే చూడలేక షావుకారు ట్యాంకర్లు కొని, జల సంరక్షణ కూడా నెత్తిన వేసుకున్నాడు.

ఒకరోజు అత్త గుమ్మం ముందు మెట్టును గునపంతో పెళ్లగించి, తోపుడుబండి మీద తెచ్చి దుకాణం ముందు పడేసింది.

“ఇదిగో నా వాటా కొండ. పుచ్చుకుని నా ఊట నాకిచ్చెయ్.”

అమ్మిన సరుకు తిరిగి తీసుకునే అలవాటు షావుకారు వంశంలో లేదు. అత్త వెళ్లిపోయింది గానీ ఆయనకు భయం పట్టుకుంది. ఊరంతా ఇలాగే మెట్లూ గట్లూ పెళ్లగించి తెస్తే? వీధిలో ఏ బండి చప్పుడైనా ఉలిక్కిపడి తొంగిచూసేవాడు.

అనుకున్నట్టే కొండ కింది వీధివాళ్లు గుంపుగా వచ్చారు. ముందు మాస్టారు, వెనక డాక్టరు.

“పాపమండీ, మీ మేనత్తగారు మెట్టు లేక గుమ్మం ఎక్కలేకపోతున్నారు,” అన్నాడు మాస్టారు. “చూడలేక అందరం తలా కాస్త చందా వేసుకున్నాం. మంచి రాయి ఒకటిప్పించండి. కాస్త మెరిసేదైతే బావుంటుంది.”

షావుకారుకు కళ్లు చెమర్చాయి. చివరి ముక్కలోంచి తానే దగ్గరుండి రాయి కోయించాడు. సొంత అత్త కనుక నునుపు పట్టినందుకు కూలి తీసుకోలేదు. మెరుపు నిలవాలంటే రోజూ కడగాలని చెప్పి, ట్యాంకరు ఏ వేళకొస్తుందో కూడా చెప్పి పంపించాడు.